కాల్షియం సరిపోతోందా? మూడు రోజుల లెక్క నుంచి మాత్ర వేళల దాకా

"రోజూ పాలు తాగుతూనే ఉన్నాను, అయినా ఎముకలు పలచబడ్డాయన్నారు, ఎందుకు?" "రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే ఉంది, ఇక మాత్ర మానేయొచ్చా?" "రెండు మాత్రలూ ఒకేసారి మింగేస్తే తప్పా?" ఈ మూడు ప్రశ్నలూ వేరు వేరు మాటల్లో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మూడింటికీ జవాబు ఒక్క లెక్కలో ఉంది. మీరు తినేదాంట్లో కాల్షియం ఎంత, అందులో ఒంటికి పట్టేది ఎంత? అది తేల్చుకోకుండా మాత్రల సీసా కొనడమంటే కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించడమే.

కింది అంచెలన్నీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల కోసం రాసినవి. కిడ్నీ జబ్బు, పారాథైరాయిడ్ సమస్య, సార్కాయిడోసిస్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు తిండి లెక్క వేసుకోవచ్చు కానీ, మాత్రల జోలికి మాత్రం డాక్టర్ని అడగకుండా వెళ్లకూడదు.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

☐ ఒక నోట్‌బుక్, పెన్ను
☐ మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసు
☐ వీలైతే వంటింటి తూకం
☐ ఇంట్లో వాడే మందులన్నీ, అట్టపెట్టెలతో సహా

1. రక్తపరీక్ష రిపోర్టును కాసేపు పక్కన పెట్టండి

ఒంట్లోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క శాతంతోనే కండరాలు బిగుసుకుని సడలాలి, గుండె కొట్టుకోవాలి, నరాల్లో సంకేతాలు నడవాలి, గాయమైతే రక్తం గడ్డకట్టాలి. అందుకే రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మి.గ్రా. మధ్యనే ఉండేలా శరీరం కాపలా కాస్తుంది.

తిండిలో కాల్షియం తగ్గిందనుకోండి. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్‌ని వదులుతాయి. అది ఎముకలోంచి కాల్షియం తీయిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గరే ఆపుతుంది, విటమిన్ డిని చురుగ్గా పనిచేసే రూపంలోకి మార్పించి పేగు మరింత పీల్చుకునేలా చేస్తుంది. ఇంత జరిగినా రక్తంలో అంకె కదలదు. ఎముక ఏళ్ల తరబడి అప్పు ఇస్తూనే ఉంటుంది, రిపోర్టులో మాత్రం ఎప్పటిలా 9.4 అనే కనిపిస్తుంది.

కాబట్టి రక్తంలో కాల్షియం మామూలుగా ఉందంటే ఈ కాపలా వ్యవస్థ పనిచేస్తోందని మాత్రమే అర్థం. తిండి సరిపోతోందని కాదు. అదే ఆ అంకె పరిధి దాటి పైకో కిందకో పోతే, అది తిండితో సర్దుకునే విషయం కాదు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

2. మీ వయసుకు కావాల్సిన అంకె రాసుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో పైన ఒక్క అంకె రాయండి. అమెరికాలో నేషనల్ అకాడమీస్ అనే శాస్త్ర సంస్థ ఖరారు చేసిన రోజువారీ మోతాదులు ఇవి:

• 1–3 ఏళ్లు: 700 మి.గ్రా.
• 4–8 ఏళ్లు: 1000 మి.గ్రా.
• 9–18 ఏళ్లు: 1300 మి.గ్రా.
• 19–50 ఏళ్లు: 1000 మి.గ్రా.
• 51–70 ఏళ్లు: మగవాళ్లకు 1000, ఆడవాళ్లకు 1200 మి.గ్రా.
• 70 దాటాక: అందరికీ 1200 మి.గ్రా.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు విడిగా పెద్ద అంకె లేదు, వాళ్ల వయసుకు ఉన్నదే వర్తిస్తుంది. ఆ రోజుల్లో పేగు మామూలుకంటే ఎక్కువ కాల్షియం పీల్చుకోవడం అందుకు ఒక కారణం. అంకెలు దేశాన్నిబట్టి కొంచెం మారతాయి. యూరప్‌లో 25 దాటినవాళ్లకు 950, బ్రిటన్‌లో పెద్దవాళ్లకు 700 అంటారు. మీ దేశం ఇచ్చిన అంకె తెలిస్తే అదే రాసుకోండి. 50 మి.గ్రా. అటూ ఇటూ అయినందుకు కంగారు పడాల్సిన పని లేదు.

ఈ జాబితాలో నేను వేలుపెట్టి చూపించేది 9–18 ఏళ్ల వరస. ఎముక బలం దాదాపు ముప్పై ఏళ్లు వచ్చేలోపే శిఖరానికి చేరుతుంది, అందులో పెద్ద వంతు కౌమారంలోనే పేరుకుంటుంది. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు పాల గ్లాసు పక్కకు తోసేసి కూల్‌డ్రింకు వైపు వెళ్తారు. ఇంట్లో ఒక్కరి లెక్కే వేయగలిగితే ముందు ఆ పిల్లవాడిది వేయండి.

3. మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాయండి

రెండు పనిరోజులు, ఒక సెలవురోజు. ఆ మూడు రోజులూ తిండి మార్చకండి. లెక్క కోసమని ఒక గ్లాసు ఎక్కువ తాగితే లెక్క పాడవుతుంది.

"పాలు తాగాను" అని రాస్తే చాలదు. ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. మీ టీ కప్పులో పోసే పాలను ఒక్కసారి కొలత గ్లాసులో పోసి చూడండి. నేను కొలిచినప్పుడు 40 మి.లీ. తేలింది. వంద ఉంటుందని అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను.

లెక్కకు పనికొచ్చే అంకెలు ఇవి. అన్నీ సుమారువే, రకాన్నిబట్టి మారతాయి:

• ఆవు పాలు 100 మి.లీ.: 120 మి.గ్రా.
• పెరుగు 100 గ్రా.: 120
• గట్టి చీజ్ 30 గ్రా.: 200
• పొట్టుతో ఉన్న నువ్వులు 1 టేబుల్ స్పూన్: 90
• పొట్టు తీసిన తెల్ల నువ్వులు అంతే కొలత: 10 లోపే
• బాదం 30 గ్రా.: 75–80
• రాగులు 100 గ్రా.: 340–360
• కాల్షియం లవణంతో గడ్డకట్టించిన టోఫు 100 గ్రా.: 350 దాకా
• ముళ్లతో సహా తినే డబ్బా సార్డిన్ చేపలు 100 గ్రా.: 380
• ఉడికించిన శనగలు 100 గ్రా.: 50
• క్యాబేజీ 100 గ్రా.: 40
• గుడ్డు ఒకటి: 25
• నారింజ ఒకటి: 50
• వండిన అన్నం 100 గ్రా.: 10
• నెయ్యి, నూనె: లేనట్టే

నెయ్యి పాలలోంచే వచ్చింది కదా అని అడుగుతారు. కాల్షియం ఉండేది పాల నీటిభాగంలో, ప్రోటీన్‌లో. కొవ్వులో కాదు. అందుకే వెన్న తీసిన పాలలో కాల్షియం తగ్గదు, వెన్నలో మాత్రం పెద్దగా దొరకదు.

ఇప్పుడు ఒక రోజు లెక్క వేసి చూద్దాం. "రోజూ పాలు, పెరుగు తీసుకుంటాను" అనే నలభై ఏళ్ల మనిషి నోట్‌బుక్ ఇలా ఉందనుకోండి:

• టీ మూడు కప్పులు, మొత్తం పాలు 120 మి.లీ.: 145
• పెరుగు చిన్న కప్పు, 100 గ్రా.: 120
• రెండు పూటలా అన్నం, 300 గ్రా.: 30
• ఉడికించిన పప్పుధాన్యాలు: 40
• క్యాబేజీ కూర, 100 గ్రా.: 40
• గుడ్డు: 25
• నారింజ: 50

మొత్తం 450 మి.గ్రా. కావాల్సింది 1000. పాలు, పెరుగు రెండూ ఉన్నాయి, అబద్ధం ఏమీ లేదు. ఉన్నవి చాలినంత లేవు, అంతే. ఈ లోటు కంటికి కనిపించాక ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

4. ఒంటికి పట్టేదాన్ని విడదీయండి

తిన్న కాల్షియం అంతా లోపలికి వెళ్లదు. పెద్దవాళ్ల పేగు పాల నుంచి 30 శాతం దాకా పీల్చుకుంటుంది. పైన రాసిన రోజువారీ మోతాదులు ఈ సంగతి లెక్కలో పెట్టుకునే ఖరారు చేశారు కాబట్టి పాలు, పెరుగు, చీజ్ విషయంలో మళ్లీ తగ్గించి రాసుకోకండి. ఆకుకూరల దగ్గరే అసలు తేడా.

పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టుకుని కరగని లవణంగా మార్చేస్తుంది. అందుకే పాలకూరలోని కాల్షియంలో ఒంటికి పట్టేది 5 శాతమే. ఉడికించిన పాలకూర ఒక కప్పులో 245 మి.గ్రా. ఉంటుంది, వింటే ఇంచుమించు ఒక గ్లాసు పాలంత. కానీ 250 మి.లీ. పాలలోని 300 మి.గ్రా. నుంచి 90 లోపలికి వెళ్తే, ఆ కప్పు పాలకూర నుంచి వెళ్లేది 12 మాత్రమే. ఒక గ్లాసు పాలకు సాటి రావాలంటే ఏడు కప్పులకు పైనే తినాలి.

బ్రకోలీ, కేల్, క్యాబేజీ లాంటి క్యాబేజీ కుటుంబపు కూరల సంగతి దీనికి తలకిందులు. అంకె చిన్నదే కానీ ఆక్సలేట్ తక్కువ కావడంతో 40 నుంచి 60 శాతం దాకా పడుతుంది. బాదం, నువ్వుల నుంచి 20 శాతం వరకూ అందుతుంది.

నోట్‌బుక్‌లో ఇలా దిద్దుకోండి:

☐ పాలకూర, తోటకూర, బీట్‌రూట్ ఆకు: కాల్షియం లెక్కలోంచి కొట్టేయండి (తినడం మానకండి, వాటిలో వేరే పోషకాలున్నాయి)
☐ క్యాబేజీ కుటుంబపు కూరలు: అంకె అలాగే ఉంచండి
☐ గింజలు, నువ్వులు: మూడింట రెండు వంతులు రాసుకోండి
☐ పాలు, పెరుగు, చీజ్, టోఫు: అలాగే ఉంచండి

5. లోటును ఈ వరుసలో పూడ్చండి

వరుస ముఖ్యం. చాలామంది చివరిది ముందు చేస్తారు.

మొదట, ఇప్పటికే తినేదాని కొలత పెంచండి. కొత్త అలవాటు నిలబడటం కష్టం, పాత అలవాటును కాస్త పెంచడం తేలిక. చిన్న కప్పు పెరుగు 250 గ్రాములయితే అక్కడే 180 కలిసొచ్చింది. ఒక గ్లాసు పాలు చేరిస్తే ఇంకో 300. పై లెక్కలోని 450 ఈ రెండింటితోనే 930కి చేరింది. మిగిలిన కాస్తను పొట్టుతో ఉన్న నువ్వులు రెండు టేబుల్ స్పూన్లు సరిచేస్తాయి. దిద్దుబాటు వేసి 120గా రాసుకున్నా 1050. మాత్ర ఊసే లేదు.

రెండోది, మొత్తాన్ని రోజంతా పంచండి. పేగు ఒక్కసారి పీల్చుకోగలిగినదానికి హద్దుంది. కొంచెం కొంచెంగా వచ్చినదాంట్లో పట్టే శాతం ఎక్కువ. రాత్రి ఒక్కసారే అర లీటరు పాలు తాగేకంటే పొద్దున సగం, సాయంత్రం సగం మేలు.

మూడోది, పాలు పడనివాళ్ల సంగతి. పాలు తాగితే పొట్ట ఉబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్లలో చాలామందికి ఇబ్బంది పెట్టేది లాక్టోజ్ అనే పాలచక్కెర. దాన్ని పూర్తిగా మానాల్సిన అవసరం తక్కువమందికే ఉంటుంది. ఈ వరుసలో ప్రయత్నించండి:

☐ ఖాళీ కడుపుతో కాకుండా భోజనంతో పాటు, వంద మిల్లీలీటర్లతో మొదలుపెట్టడం
☐ పాల బదులు పెరుగు (తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది)
☐ గట్టి చీజ్ (నిల్వ చేసి పండించినదాంట్లో లాక్టోజ్ దాదాపు ఉండదు)
☐ లాక్టోజ్ తీసేసిన పాలు

పాల ప్రోటీన్‌కి ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇవేవీ వర్తించవు. దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు పాలతో ప్రయోగాలు చేయకూడదు.

నాలుగోది, పాల పదార్థాలు అసలే తీసుకోనివాళ్లు. సోయా పాలు, ఓట్స్ పాలు, బాదం పాలలో సహజంగా ఉండే కాల్షియం తక్కువ. డబ్బా మీద కాల్షియం కలిపినట్టు రాసి ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. తాగే ముందు డబ్బాను గట్టిగా ఊపాలి. కలిపిన కాల్షియం అడుగుకు దిగిపోతుంది, ఊపకుండా పోసుకుంటే మొదటి గ్లాసులో పెద్దగా ఉండదు, అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. ఇంట్లో చేసుకున్న బాదం పాలను లెక్కలో వేయకండి.

డబ్బా మీద "రోజువారీ విలువలో 20 శాతం" అని ఉంటే, అది ఎంతలో 20 శాతమో చూడాలి. అమెరికా లేబుల్‌లో నూరు శాతమంటే 1300 మి.గ్రా., కాబట్టి 20 శాతం 260. యూరప్ లేబుల్‌లో నూరు శాతం 800, కాబట్టి అదే 20 శాతం 160 అవుతుంది.

6. వంటలో కాల్షియం జారిపోయే చోట్లు

పాలు కాచితే కాల్షియం పోదు. నీళ్లు కలిపితే పలచబడుతుంది, అంతే. మజ్జిగలో ఎంత పెరుగు వేశారో అంతే లెక్క, గ్లాసు నిండా ఉందని ఎక్కువ రాసుకోకండి.

పాలను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచి పనీర్ చేసినప్పుడు మాత్రం నష్టం ఉంది. పులుపు తగలగానే పాల ప్రోటీన్‌ని అంటిపెట్టుకున్న కాల్షియం కరిగి, కారే పసుపుపచ్చ నీటిలోకి దిగుతుంది. ఆ నీళ్లు పారబోస్తే చెప్పుకోదగ్గ భాగం పారబోసినట్టే. పిండి కలపడానికో, సూప్‌లోకో వాడుకోండి.

గింజధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం ఆ పట్టును సడలిస్తాయి. రాగుల అంకె చూసి అంతా పాలలాగే ఒంటికి పడుతుందనుకోకూడదు. మొలకెత్తించి వాడితే మాత్రం తేడా ఉంటుంది.

ఎముకల సూప్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. గంటల తరబడి మరిగించినా ఎముకలోని కాల్షియం నీటిలోకి కొద్దిగానే దిగుతుంది. రుచి కోసం తాగండి, కాల్షియం గడిలో రాయకండి. చేపల్లోనూ అంతే. ముల్లు నమిలి తింటేనే కాల్షియం, ముల్లు తీసేసిన కండలో ఉండేది కొంచెమే.

7. కాల్షియానికి తోడు నిలిచేవి, గండి కొట్టేవి

విటమిన్ డి లేకపోతే పేగు తలుపు సరిగా తెరుచుకోదు. 70 ఏళ్ల దాకా రోజుకు 600 ఐయూ, ఆపైన 800 ఐయూ కావాలి. తిండిలో అది దొరికే చోట్లు కొన్నే: కొవ్వు ఎక్కువగా ఉండే చేపలు, గుడ్డు పచ్చసొన, డి కలిపిన పాలు. మిగతాది చర్మం మీద ఎండ పడి తయారవ్వాలి. రోజంతా గదిలోనే గడిపేవాళ్లు, ఒళ్లంతా కప్పుకునేవాళ్లు, ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు, వయసు పైబడ్డవాళ్లు డాక్టర్ని అడిగి 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష చేయించుకోవడం మంచిది. కాల్షియం విషయంలో రక్తపరీక్ష తిండి గురించి చెప్పదన్నాను కదా, విటమిన్ డి విషయంలో చెబుతుంది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, ఆపైన ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఉప్పు గండి కొడుతుంది. సోడియం మూత్రంలో పోతూ కాల్షియాన్ని వెంట తీసుకుపోతుంది. దాదాపు ఒక టీస్పూన్ ఉప్పుకు, అంటే 2300 మి.గ్రా. సోడియానికి, సుమారు 40 మి.గ్రా. కాల్షియం పోతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ తిన్నదాంట్లో మూడో వంతే ఒంటికి పడుతుంది కాబట్టి ఆ 40 పూడ్చాలంటే 120 మి.గ్రా. పైగా తినాలి. అంటే ఒక కప్పు పెరుగు.

కాఫీ గురించి భయపడేవాళ్లు చాలామంది. ఒక కప్పు కాఫీ వల్ల పోయేది రెండు మూడు మిల్లీగ్రాములే, అందులో పోసే రెండు చెంచాల పాలు దాన్ని తీర్చేస్తాయి.

ఇక నడక, మెట్లెక్కడం, బరువులెత్తడం. బరువు మోయని ఎముకకు బలపడే అవసరం కనిపించదు, ఎంత కాల్షియం పోసినా సరే. ఈత, సైకిల్ గుండెకు మంచివే, కానీ ఎముక మీద బరువు పడేది నిలబడి చేసే కదలికల్లో.

8. మాత్ర నిజంగా అవసరమైతే

తిండి పెంచాక కూడా లోటు ఉంటేనే ఇక్కడికి రండి. మాత్ర పూడ్చాల్సింది లోటును మాత్రమే, మొత్తం 1000ని కాదు. తిండిలో 700 వస్తుంటే మాత్ర నుంచి 300 చాలు.

8.1 అట్ట మీది అంకె చదవడం

"కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా." అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. కార్బొనేట్‌లో 40 శాతం, సిట్రేట్‌లో 21 శాతం, లాక్టేట్‌లో 13 శాతం, గ్లూకొనేట్‌లో 9 శాతం కాల్షియం ఉంటుంది. "ఎలిమెంటల్ కాల్షియం" అని చిన్న అక్షరాల్లో విడిగా ఉంటుంది, ఆ అంకెనే నోట్‌బుక్‌లో రాయండి. ఎన్ని మాత్రలకు ఆ అంకె ఇచ్చారో కూడా చూడాలి. కొన్ని సీసాల మీద రెండు మాత్రలకు కలిపి ఇస్తారు.

8.2 ఏ రకం

కార్బొనేట్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి, అందుకే తిండితో పాటు వేసుకోవాలి. మలబద్ధకం, గ్యాస్ దీనితోనే ఎక్కువ. సిట్రేట్ ఖాళీ కడుపునైనా పడుతుంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి ఎసిడిటీ మాత్రలు ఎప్పటినుంచో వాడుతున్నవాళ్లకు సిట్రేట్ నయం. డోలమైట్, ఎముకల పొడి, పెంకుల పొడి లాంటి "సహజ" సరుకుకు దూరంగా ఉండండి. వాటిలో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉంది.

8.3 ఎంత, ఎప్పుడు

ఒక్కసారికి 500 మి.గ్రా. మించొద్దు. రెండు మాత్రలు రాస్తే ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి. తిండి, మాత్ర అన్నీ కలిపి రోజుకు 19–50 ఏళ్లవాళ్లు 2500, 51 దాటినవాళ్లు 2000 మి.గ్రా. దాటకూడదు.

8.4 మిగతా మందులతో ఎడం

మా అమ్మ మందుల డబ్బాకు ఏడు గళ్లు ఉండేవి, ప్రతి గడిలో ఉదయం, రాత్రి అని రెండు అరలు. ఉదయం అరలో థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర పక్కపక్కనే. పొద్దున్నే మొదటిది, అరగంటకు టిఫిన్ తిని రెండోది. థైరాయిడ్ మోతాదు రెండుసార్లు పెంచినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో పెరిగి కనిపించే అంకె) దిగలేదు. చివరకు ఒక డాక్టర్ "ఏ మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారమ్మా?" అని అడిగితే అప్పుడు తేలింది. కాల్షియం పేగులో థైరాయిడ్ మందును పట్టేసి లోపలికి వెళ్లనివ్వదు. కాల్షియాన్ని మధ్యాహ్నం భోజనానికి మార్చాక తర్వాతి పరీక్షలోనే అంకె దిగింది. ఆ రెండేళ్లూ ఆవిడ పడ్డ నీరసం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఈ జాబితాను కాగితం మీద రాసి మందుల డబ్బా మూతకు అంటించమంటున్నాను:

☐ థైరాయిడ్ మాత్ర (లీవోథైరాక్సిన్): 4 గంటల ఎడం
☐ ఐరన్ మాత్ర: కనీసం 2 గంటలు
☐ సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్స్: వాటికి 2 గంటల తర్వాత లేదా 6 గంటల ముందు కాల్షియం
☐ ఎముకల బలానికిచ్చే అలెండ్రొనేట్: పొద్దున్నే ముందు అదే, మంచినీళ్లతో, కాల్షియం ఆ రోజు మధ్యాహ్నానికి
☐ థయజైడ్ రకం బీపీ మాత్ర, డిగాక్సిన్, లిథియం: ఇవి వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా కాల్షియం మొదలుపెట్టొద్దు

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

"మోకాళ్లు నొప్పి, కాల్షియం తగ్గినట్టుంది." మోకాలి నొప్పికి ఎక్కువగా కారణం కీలులోని మృదులాస్థి అరగడం, మాత్రతో అది తిరిగి రాదు. ఎముక గుల్లబారడం చాలావరకు నొప్పి లేకుండానే సాగుతుంది, విరిగాకే తెలుస్తుంది. గోళ్ల మీద తెల్ల మచ్చలు కూడా కాల్షియం లోపం గుర్తు కాదు, చాలావరకు గోరు మొదట్లో తగిలిన చిన్న దెబ్బల ఫలితం.

"కిడ్నీలో రాయి వచ్చింది, పాలు మానేశాను." ఇది ఎదురు తిరిగే జాగ్రత్త. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని మలంలో పంపేస్తుంది. కాల్షియం లేకపోతే ఆ ఆక్సలేట్ కిడ్నీకి చేరుతుంది. ఇటలీలో మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లను ఐదేళ్లు గమనించారు, ఫలితాలు 2002లో వచ్చాయి. కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు తిరిగొచ్చాయి. కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి.

మాత్ర సంగతి వేరు. ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్‌లో 36,282 మంది మెనోపాజ్ దాటిన మహిళలు పాల్గొన్నారు. 2006లో వచ్చిన ఫలితాల్లో, రోజూ 1000 మి.గ్రా. కాల్షియం మాత్రలు, విటమిన్ డితో కలిపి తీసుకున్నవాళ్లలో రాళ్లు 17 శాతం ఎక్కువగా కనిపించాయి. ముందు తిండి, తర్వాతే మాత్ర అని ఇంత పట్టుబట్టడానికి ఇదొక కారణం.

"వారానికొకటి అన్నారు, మరిచిపోయి రోజూ వేసుకున్నాను." విటమిన్ డి పెద్ద మోతాదు మాత్రలతో జరిగే ప్రమాదం ఇది. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, మతిమరుపు లాంటి గందరగోళం కనిపిస్తే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర తెచ్చిన రోజే అట్ట మీద ఏ వారమో స్కెచ్ పెన్నుతో రాసుకోండి.

"పిల్లాడు పాలు బాగా తాగుతాడు, అన్నమే తినడు." ఏడాది లోపు పిల్లలకు ఆవు పాలు ముఖ్య ఆహారంగా ఇవ్వకూడదు. ఆ తర్వాత కూడా పాలతోనే కడుపు నిండిపోతే ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది. రెండు మూడు ఏళ్ల పిల్లలకు రోజుకు అర లీటరు చాలు.

10. ఎప్పుడు డాక్టర్ దగ్గరకు, ఏం పట్టుకెళ్లాలి

పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, చేతివేళ్లు వాటంతటవే ముడుచుకుపోవడం, మూర్ఛ లాంటివి రక్తంలో కాల్షియం బాగా పడిపోయినప్పటి గుర్తులు. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లకు ఇవి కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు.

కింద వాటిలో ఏ ఒక్కటి ఉన్నా డెక్సా స్కాన్ (ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే ఎక్స్‌రే) గురించి అడగండి:

☐ 65 దాటిన మహిళ
☐ చిన్న జారుపాటుకే ఎముక విరగడం
☐ మునుపటి ఎత్తుకంటే 4 సెం.మీ. పైగా తగ్గడం, వీపు వంగడం
☐ నలభై ఐదు నిండకముందే నెలసరి ఆగిపోవడం
☐ స్టెరాయిడ్ మాత్రలు మూడు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం వాడటం

డెక్సాలో టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) −2.5, అంతకంటే కిందికి ఉంటే ఎముక గుల్లబారినట్టు. అప్పుడు కాల్షియం ఒక్కటే చాలదు, ఎముకకు వేరే మందులు కావాలి. ఆ మందులు పనిచేయడానికి మాత్రం తిండిలో కాల్షియం, విటమిన్ డి సరిపడా ఉండాలి.

వెళ్లేటప్పుడు మూడు రోజుల నోట్‌బుక్, మందుల అట్టపెట్టెలన్నీ పట్టుకెళ్లండి. "కాల్షియం మాత్ర రాయండి" అని కాకుండా "తిండిలో రోజుకు 600 వస్తోంది, మిగతా 400కి ఏం చేయమంటారు?" అని అడగండి. మూడు నెలలయ్యాక మళ్లీ మూడు రోజులు రాసి చూసుకోండి. పెంచిన పెరుగు కప్పు ఈపాటికి మళ్లీ చిన్నదైపోయి ఉండొచ్చు.